కవాన్ కొలత దారం

కొండ మీది పేట, బరిలోచె, అర్జెంటీనా
2021 ఏప్రిల్ 11, ఆదివారం

నా నీదియాకి,

మీ అమ్మమ్మ దొమితీలా చెప్తుంటే పక్కింటి అనిసేతో ఉన్నాడు కదా, అతను కిటికీ బయట స్టూలు వేసుకుని రాస్తున్న ఉత్తరం ఇది. నేను లోపల, అతను బయట, మధ్య రెండు వేళ్లంత తెరిచిన రెక్క. ముప్పై ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి చేత ఒక్క ఉత్తరం రాయించడానికి నేను ఇంత గొంతు చించుకోవాలని నాకు ముందు తెలీదు. అతనికి చెవుడు లేదట, నేనే మాస్కులో నములుతున్నానట. అది కూడా రాశాడు చూడు.

ఫోన్ చెయ్యమంటావు. ఫోన్లో నీ మాట నా మంచి చెవిలో పడి చెడ్డ చెవిలోంచి పోతుంది. ఉత్తరమైతే గూట్లో ఉంటుంది. కావాలన్నప్పుడు తీయించి చదివించుకుంటాను. అనిసేతో విసుక్కుంటాడు, కానీ చదువుతాడు. పోస్టు బండ్లు నడవకపోతేనేం, మా చెల్లెలి కొడుకు ఎలాదియో బేరిపళ్ల లారీ తోలుతూ లోయలోంచి మీ బ్రెజిల్ దాకా వస్తూనే ఉన్నాడు. మనుషులు దాటకూడదట, బేరిపళ్లు దాటొచ్చట. కాబట్టి ఈ ఉత్తరం పండులాగా వస్తుంది నీ దగ్గరికి.

ఇప్పుడు నా మాట విను. జూలైలో, ఇక్కడ మంచు బాగా పడే వేళకి, మీరు రావాలి. నువ్వూ, నీ మొగుడు వాల్మోరూ, ఇద్దరు పిల్లలూ.

పోయిన చలికాలం రాలేదు, నేనేమీ అనలేదు. అన్నానా? కొండ మూసేశారు, మనుషుల్ని కొండెక్కించే తీగ మీది కుర్చీలు ఖాళీగా ఊగుతుంటే పేట మీంచి చూస్తూ కూర్చున్నాను. అంత మంచు నా జన్మలో చూడలేదు, దాని మీద స్కీ జారిన గీత ఒక్కటీ లేదు. ఎవరూ పడుకోని పక్కలాగా ఉండింది. ఈ ఏడు కొండ తెరుస్తారట. కవాన్‌కి మేలో ఏడో ఏడు వస్తుంది. మన ఇంట్లో ఏడో ఏట పిల్లలు కొండెక్కి స్కీల మీద దిగుతారు. నువ్వు దిగావు, ఇయారా దిగింది. ఎనిమిదో ఏట దిగితే ఏం పోతుంది అంటావేమో. నాకు ఎనభై మూడు. కుడి కన్నులో పొర వచ్చింది, ఎడమది బాగానే ఉంది గానీ దాని మీద నాకు నమ్మకం లేదు. అదీ నా లెక్క.

ఇంకోటి ఉంది, చెప్తాను, అనిసేతో నవ్వినా సరే. యాభై ఏళ్లు ఊరికొచ్చిన వాళ్ల మంచు బట్టలు ఉతికాను. ఎవరి పిల్లలో తొడుక్కుని, ఎక్కడెక్కడ పడ్డారో ఆ మరకలన్నీ నా చేతుల మీదుగా పోయాయి. నువ్వు పెళ్లయి వెళ్లి, మొదటిసారి విమానం దిగి, విదేశం నుంచి సెలవులకొచ్చిన దొరసానిలాగా కొండెక్కి దిగుతుంటే నేను కింద కుర్చీల తీగ దగ్గర నిలబడి చూశాను. పక్కనున్నావిడ 'ఎవరండీ ఆ అమ్మాయి, భలే జారుతోంది' అంది. 'నాకేం తెలుసు, ఎవరో బ్రెజిల్ వాళ్లు' అన్నాను. ఆ మాట అనడంలో ఉన్న సుఖం నీకు తెలీదు. ఆ మాట నాకు ప్రతి ఏడూ కావాలి.

నేను పనిచేసిన బట్టలద్దె కొట్టు మూసేస్తూ యజమాని పాత మంచు బట్టలు ముప్పై జతలు నాకు వదిలేశాడు. దూలాలకి వేలాడదీశాను. పొద్దున్నే కిటికీలోంచి వెలుగు పడితే తలలు ఇంట్లో మర్చిపోయి వచ్చిన చుట్టాల్లాగా ఉంటాయి. వాటిల్లో నీలంది ఒకటి విప్పి కవాన్‌కి కుడతాను. ఊలు దారం ఉండ పంపుతున్నాను, మన గొర్రెదే, నేనే వడికింది. మెడ వెనకాల ఎముక దగ్గర్నుంచి మడమ దాకా ఒక దారం తుంచు. భుజం నుంచి మణికట్టు దాకా ఇంకోటి. ఇయారాకీ అంతే. కవాన్ దారానికి చివర ఒక ముడి, ఇయారాకి రెండు. అంకెలు రాసి పంపకు, అంకెలు నాకు అక్కర్లేదు.

నీ మొగుణ్ణి అడిగానని చెప్పు. అంటే నిజంగానే అడిగాను, వట్టి మర్యాదకి కాదు.

అమ్మమ్మ
(వేలిముద్ర పక్కనున్న మరక మాతే టీ తాగే గిన్నెది)


లోంద్రీనా
బ్రెజిల్, 2021 ఏప్రిల్ 30

బంగారు అమ్మమ్మకి,

నీ ఉత్తరం బేరిపళ్ల వాసనతో వచ్చింది. ఇయారా దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది. ఎలాదియో మామయ్య గుమ్మం దగ్గరే నిలబడి, ఉత్తరం గోడ మీద పెట్టి, పది అడుగులు వెనక్కి నడిచి, అక్కణ్ణుంచి 'తీసుకో' అన్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది.

జూలై సంగతి. అమ్మమ్మా, ఇక్కణ్ణుంచి మీ వైపు విమానాలు ఆపేశారు. రోడ్డు సరిహద్దు మూసే ఉంది. నేను అక్కడ పుట్టినదాన్ని కాబట్టి ఎలాగో రానిస్తారేమో, వాల్మోర్‌కీ పిల్లలకీ అనుమతి కోసం అర్జీ పెట్టాం, జవాబు లేదు. మళ్లీ పెడతాం. రానని అనడం లేదు. వస్తానని ఒట్టేయలేను, అంతే.

పిల్లలు బాగున్నారు. మా ఇంటి వెనక ఎర్రమట్టి దిబ్బ ఉంది కదా, కవాన్ దాని మీద అట్టపెట్టె ముక్కలు కాళ్లకి కట్టుకుని జారుతున్నాడు. ఇంటికొచ్చేసరికి ఇటుకలాగా ఉంటాడు. 'మంచు తెల్లగా ఉంటుంది కాబట్టి అమ్మమ్మకి ఉతకడం తేలిక' అంటాడు. బడి ఇంట్లోనే, కంప్యూటర్‌లో. వాల్మోర్ కూడా ఇంట్లోనే. నలుగురం ఒకే గదిలో నాలుగు దేశాల్లో ఉన్నట్టుంటాం.

నువ్వు కొలవమన్నట్టే కొలిచాను. కవాన్ ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు, ఊపిరికి పొడుగు పెరుగుతుందని. దారాలు కవర్లో ఉన్నాయి. ఒక ముడి వాడిది, రెండు ముళ్లు దానివి.

నువ్వు ఒంటరిగా ఉన్నావు. జాగ్రత్త. బయటి నుంచి వచ్చినవి తుడుచుకుంటున్నావా?

నీ నీదియా


బరిలోచె
2021 మే 16

నీదియా,

ఈసారి దీవెనలు చివర్లో. ముందు జవాబు చెప్పు.

పిల్లలకి ఏమైంది?

నేను గోడకి వరసగా మేకులు కొట్టుకున్నాను, నీకు గుర్తుండాలి, వాటికి దారాలు వేలాడుతుంటాయి. నీ ఏడో ఏటిది, ఇయారా ఏడో ఏటిది, పోయినసారి మీరొచ్చినప్పుడు ఇద్దరివీ తీసినవి. నువ్వు పంపినవి వాటి పక్కన పెట్టాను. కవాన్ దారం రెండేళ్ల కిందటి దారంతో చివరికి చివర సరిపోయింది. ఒక్క గోరంత కూడా ఎక్కువ లేదు. ఇయారాదైతే బెత్తెడు తక్కువ. తక్కువ అంటున్నాను, విన్నావా? ఎనిమిదేళ్ల నాటి కంటే పదేళ్ల పిల్ల పొట్టిగా ఉంది. అనిసేతోని కిటికీలోంచి చూడమన్నాను. అతనూ తల గోక్కున్నాడు.

ఏం పెడుతున్నావు వాళ్లకి? అరటిపళ్లూ కాఫీనా? ఎండ తగలనివ్వడం లేదా? లేక ఆ జబ్బు వచ్చి పోయిందా, నాకు చెప్పకుండా దాచావా? ఎర్రమట్టిలో జారుతున్నాడు, నవ్వుతున్నాడు అని కబుర్లు రాశావు. నువ్వు చిన్నప్పుడూ ఇంతే. జ్వరం వస్తే ముందు పాట పాడేదానివి.

తుడుచుకుంటున్నావా అని నన్ను అడుగుతున్నావు. రేడియోలో చెప్పినదాని కంటే రెండింతలు చేస్తున్నాను. కాగితం రెండు రోజులు తీగ మీద ఆరుతుంది, అనిసేతో తర్వాతే ముట్టుకుంటాడు. కాగితం కానిదేదైనా గుమ్మం దాటిందంటే ముందు పెద్ద గిన్నెలోకి, మరిగే నీళ్లలోకి, సబ్బూ బ్లీచింగూ వేసి కర్రతో తిప్పాల్సిందే. నా గిన్నెని దాటి నా ఇంట్లోకి ఏ రోగమూ రాదు. ఎదురింటి రుపెర్తోకి గిన్నె లేదు. పదో తారీకున తీసుకెళ్లిపోయారు. ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. నేను కిటికీలోంచే చెయ్యెత్తాను.

రాత్రి కలలో దూలాలకున్న బట్టలు కిందికి దిగి వరసగా గుమ్మంలోంచి మంచులోకి నడిచి వెళ్లాయి. అన్నిటి కంటే వెనక చిన్నది ఒకటి. నడుస్తున్నకొద్దీ చిన్నదవుతోంది. పిలుద్దామంటే పేరు నోటికి రాలేదు. లేచి దీపం పెట్టి దారాలు మళ్లీ కొలిచాను.

జూలై దాకా ఆగడానికి ఏం లేదు. తీసుకురా వాళ్లని. రొట్టె, గొర్రెమాంసం, కట్టెలపొయ్యి వేడి, నెల రోజుల్లో నిలబెడతాను. నిన్ను నిలబెట్టలేదా? మీ అమ్మ పోయినప్పుడు నువ్వు అరచేతిలో పట్టేంత ఉన్నావు.

ఉన్న కొలతకే బట్ట కుడుతున్నాను. దీవెనలు.

అమ్మమ్మ

*అమ్మాయీ, ఇది ఆవిడకి తెలీకుండా రాస్తున్నాను. మీ అమ్మమ్మ బాగానే తింటోంది, తిడుతోంది. కానీ అన్నిటినీ గిన్నెలో వేస్తోంది. నిన్న నా పెన్సిలు, మొన్న ఉప్పు పొట్లం. ఉప్పు తిరిగి రాలేదు. పిల్లి ఇల్లు వదిలి మా ఇంటికొచ్చేసింది. నీకు తెలిస్తే మంచిదని. - అనిసేతో*


లోంద్రీనా
2021 జూన్ 15

అమ్మమ్మా,

నీ ఉత్తరం వాల్మోర్ లేనప్పుడు చదివాను. అదృష్టం.

పిల్లలకి ఏమీ కాలేదు. జబ్బు రాలేదు. దాచలేదు. కవాన్ పోయినేడు చెప్పులు మూడుసార్లు మార్చాడు. నేను చదువుతుంటే వాడు తలుపు చాటు నుంచి విన్నాడు. సాయంత్రం అద్దం ముందు నిలబడి, 'అమ్మా, నేను తగ్గుతున్నానా' అని అడిగాడు. అప్పట్నుంచి రోజూ మామిడికొమ్మ పట్టుకుని వేలాడుతున్నాడు, సాగుతాడని. ఇయారా నాతో మాట్లాడటం లేదు. 'నువ్వే సరిగ్గా కొలవలేదు, అమ్మమ్మ నన్ను మరుగుజ్జు అనుకుంటోంది' అంది.

కోపంగా రాయకూడదనుకున్నాను. కోపం కాదు, భయం. అమ్మమ్మా, నీ ఉత్తరం పది సార్లు చదివాను. నువ్వు కొలతలో పొరపాటు పడ్డ మనిషివి కాదు. కొట్టు బట్ట మీద చెయ్యి పెట్టగానే అది ఎన్ని ఉతుకులు చూసిందో చెప్పేదానివి. ఆ నువ్వు పిల్లలు పొట్టిగా అవుతున్నారంటున్నావు, ఉప్పు ఉడకబెడుతున్నావు, బట్టలు నడిచి వెళ్తున్నాయంటున్నావు. మా అమ్మ పేరేమిటో నీకు గుర్తుందా? ఇలా అడిగినందుకు నన్ను కొట్టు. కానీ జవాబు రాయించు.

వాల్మోర్‌తో మాట్లాడాను. అర్జీకి రెండోసారీ జవాబు లేదు. నిన్ను ఒంటరిగా వదిలి ఇంకో చలికాలం ఆగలేను. మేం వస్తున్నాం. పిల్లల సెలవులు మొదలవగానే బస్సులో సరిహద్దు ఊరు ఉరుగ్వయానాకి. అక్కడ నది ఉంది, అవతలి ఒడ్డు అర్జెంటీనానే. వంతెన మూసినా పడవలు తిరుగుతూనే ఉన్నాయట. వాల్మోర్ స్నేహితుడికి తెలిసిన జాలరి ఉన్నాడు, తెల్లవారకముందే పొగమంచులో దాటిస్తాడట. అవతల నుంచి ఏదో ఒక బండి పట్టుకుంటాం. స్కీ సెలవులకి వెళ్తున్నాం అని పిల్లలకి చెప్పాం. అబద్ధం కాదు కదా.

జూలై ఎనిమిదిన ఉరుగ్వయానాలో ఉంటాం. బస్టాండు వెనక సేల్మీరా అనే ఆవిడ నడిపే బసలో. తొమ్మిదిన దాటుతాం.

నీ ఊలు ఉండని మా పిల్లి చిక్కుచేసింది. పిండి సంచి కుట్టు విప్పి ఆ నూలు దారంతో మళ్లీ కొలిచాను, ఈసారి వాల్మోర్ పట్టుకున్నాడు, నేను తుంచాను. ఇవి చూసి అయినా నమ్ము.

వస్తున్నాను. భయపడకు.

నీదియా


బరిలోచె
2021 జూన్ 28, సాయంత్రం

నా తల్లీ,

మీ అమ్మ పేరు ఎర్మెలిందా. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ, కుట్టుమిషను సూది వేలిలో దిగినా ఏడవలేదు. ఇంకేమైనా పరీక్ష పెడతావా? అనిసేతో నీకు చాటుగా ఏదో రాశాడని ఇప్పుడు ఒప్పుకున్నాడు. పెన్సిలు గురించి అంత బాధపడే మగాణ్ణి నేను చూడలేదు.

వస్తున్నారన్నావు. అదీ మాట. నది అయితేనేం, పడవ అయితేనేం. పొయ్యి పక్కన మీ నలుగురికీ పక్కలు వేస్తాను. కవాన్ బట్ట కుట్టడం అయిపోయింది. నీలం మీద పసుపు పట్టీ, మెడ దగ్గర కుందేలు బొచ్చు. చూస్తే అరచేతంత ఉంది, పాపం వాడి ఒళ్లే అంత కదా అనుకున్నాను. ఎలాదియో రేపు పొద్దున్నే లోయకి వెళ్లి పళ్లు ఎక్కించుకుని అక్కణ్ణుంచి బయల్దేరతాడు, ఈ ఉత్తరం వాడికిస్తాను. నువ్వు పంపిన దారాలు గిన్నెలోంచి ఇప్పుడే తీశాను, ఆరేక మేకుకి వేసి కొలతలు

*(ఇక్కడ ఆవిడ ఆపేసింది. గోడ దగ్గరికి వెళ్లింది. మేకుల మీది దారాలు తీసి వేళ్లతో తడిమింది. 'ఇవాళ్టికి వెళ్లు' అంది. చీకటిపడింది. - అ.)*

29, తెల్లవారుతుండగా

నీదియా, కూర్చుని చదువు. వాల్మోర్‌కి కూడా చదివి వినిపించు.

కవాన్ ఆరు వారాల్లో జానెడు పెరిగాడు. ఇయారా కూడా. అలా ఏ పిల్లలూ పెరగరు. రెండు దారాలూ చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను. కొత్తది నున్నగా, పల్చగా. మేలో వచ్చిన పాతది లావుగా, బిరుసుగా, పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని. వేళ్లకి తగలగానే తెలిసింది. కళ్లకి తెలీలేదు, ఈ ఆరు వారాలూ బుర్రకి తెలీలేదు, వేళ్లకి తెలిసింది.

ఊలు దారాన్ని నేను మరిగే నీళ్లలో వేశాను. నేను. ఊలుని గోరువెచ్చటి నీళ్లు దాటనివ్వకూడదని నీకు మూడేళ్లప్పుడు చెంప మీద కొట్టి నేర్పినదాన్ని. యాభై ఏళ్లలో ఎవరి మేజోడూ కుంచించుకుపోనివ్వలేదు. నా సొంత పిల్లల్ని గిన్నెలో వేసి కర్రతో తిప్పి చిన్నవాళ్లని చేశాను. తర్వాత ఆ దోషం నీ నెత్తిన వేశాను.

భయం అలా చేస్తుందని అనిసేతో అంటున్నాడు. భయం నాకు కొత్తా? భయం కాదు. రుపెర్తోని తీసుకెళ్లాక గిన్నె తప్ప నా మాట వినేది ఇంకేమీ మిగల్లేదు.

ఇప్పుడు అసలు మాట. ఆ పడవ ఎక్కకు.

నేను రమ్మన్నాను, నేనే వద్దంటున్నాను, నవ్వుకుంటే నవ్వుకో. నా ఉడికిన దారాన్ని నమ్మి నువ్వు నది దాకా వచ్చావు. పిల్లలు బాగున్నారు. నా మతీ బాగుంది, చేసిన తప్పు తెలిసేంత బాగుంది. దాటాల్సిన పనేమీ లేదు.

నాకు ఆరేళ్లప్పుడు చిలీ నుంచి కనుమ దాటి వచ్చానని నీకు చెప్పాను. గుర్రం మీద, మంచులో, రాణిలాగా వచ్చానని చెప్పాను. గుర్రం లేదు. కాగితాలూ లేవు. తెల్లవారకముందే, ఎవరూ చూడకుండా పొగమంచులో, మా నాన్నకి తెలిసిన ఒకతను ఏరు దాటించాడు. అతనికి అక్కడ ప్రతి రాయీ తెలుసట. మా అమ్మ ఒక చంకన నేను, ఇంకో చంకన నా తమ్ముడు లినో. అవతలి ఒడ్డున అమ్మకి ఒక్క చంకే బరువుగా ఉంది. పొగమంచులో చప్పుడు కూడా కాలేదు. అమ్మ కేకెయ్యలేదు, కేకేస్తే పట్టుకుంటారని. ఆ తర్వాత ఆవిడ దేనికీ కేకెయ్యలేదు.

ఈ సంగతి మీ అమ్మకి కూడా చెప్పలేదు. అనిసేతో రాయడం ఆపి ముక్కు తుడుచుకుంటున్నాడు. ఒరే, రాయి.

ఎవరికీ తెలీకుండా దాటేవాళ్లు పోయినా ఎవరికీ తెలీదు. కవాన్ ఏడో ఏట కొండ దిగకపోతే ఎనిమిదో ఏట దిగుతాడు. నా కన్ను ఆగుతుంది. ఆగమని చెప్తాను, నా మాట వినని కన్ను కాదు. అప్పుడు నువ్వు వంతెన మీంచి, అందరూ చూస్తుండగా, ముద్ర వేయించుకుని, దొరసానిలాగా రా. దొంగలాగా వస్తే 'ఎవరో బ్రెజిల్ వాళ్లు' అని నేను ఏ మొహంతో అనను?

ఎలాదియో లారీ స్టార్ట్ చేశాడు, తొమ్మిదికి ముందే ఉరుగ్వయానాలో సేల్మీరా బస దగ్గర మిమ్మల్ని పట్టుకోమన్నాను. దారిలో ఎక్కడా నిద్రపోవద్దన్నాను, తర్వాత మళ్లీ నిద్రపో అన్నాను. కవాన్ బట్ట జానెడు పొట్టి, తెలుసు. కత్తిరించిన గుడ్డని పెంచే టైము లేదు. అయినా పంపుతున్నాను. ఇయారాది మడతలు విప్పితే సరిపోతుంది. కవాన్‌ది వాడి చేతికివ్వు. అమ్మమ్మ తప్పు చేస్తే ఇలా ఉంటుందని చూపించు.

దొమితీలా


ఉరుగ్వయానా
2021 జూలై 9

అమ్మమ్మా,

మేం ఇవతలి ఒడ్డునే ఉన్నాం. ముందు అది చెప్పాలి.

ఈ పొద్దున్న ఇంకా చీకటి విడవకముందే నది దగ్గరికి నడిచాం. పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే కవాన్ చెయ్యి చాచి దాన్ని తిన్నాడు. 'ఇదేనా మంచు' అన్నాడు. అవతలి ఒడ్డు లేదు, నీళ్లు లేవు, పడవ ముక్కు మాత్రం గాల్లోంచి పొడుచుకొచ్చినట్టు ఉంది. జాలరి గొంతు వినిపిస్తోంది, 'నాకు ఇక్కడ కళ్లు మూసుకున్నా దారి తెలుసు' అంటోంది. వాల్మోర్ సంచులు పడవలో పెట్టాడు. నేను ఇయారాని ఎత్తి అందించబోయాను.

వెనక నుంచి ఎవరో నా పేరు పిలుస్తూ పరుగెత్తుకొచ్చారు. ఎలాదియో మామయ్య. మాస్కు చెవికి వేలాడుతోంది, చేతిలో మూట. రాత్రంతా లారీల వరసలో ఇరుక్కుని, బస దగ్గరికొచ్చి, మేం లేమని సేల్మీరా చెప్తే అక్కణ్ణుంచి నది దాకా పరుగు. పది అడుగుల దూరం సంగతి మర్చిపోయి నా భుజం పట్టుకుని ఊపాడు. 'చదువు. ముందు చదువు. చదివితే గానీ ఎక్కనివ్వకూడదని ఒట్టు' అన్నాడు.

జాలరి లాంతరు వెలుగులో చదివాను. లినో సంగతి దగ్గరికొచ్చేసరికి కాగితం వాల్మోర్‌కి ఇచ్చేశాను. నీ స్పానిష్ అతని నోట్లో తిరక్కపోయినా మొత్తం చదివాడు. తర్వాత పడవలోకి వంగి సంచులు ఒక్కొక్కటే తీసి ఒడ్డున పెట్టాడు. జాలరి మమ్మల్ని తిట్టుకుంటూ పొగమంచులోకి వెళ్లిపోయాడు. వాడు వెళ్లిన చప్పుడు కూడా రాలేదు, అమ్మమ్మా. నువ్వు చెప్పినట్టే.

పిల్లలు ఏడుస్తారనుకున్నాను. కవాన్ మూట విప్పి బట్ట వేసుకుంటున్నాడు. చలి లేదు, అయినా. జిప్పు బొడ్డు దగ్గర ఆగింది. కాళ్లు మోకాళ్ల కింద ఆగాయి. చేతులు బయటికొచ్చాయి. వాడు తనని తాను పైనుంచి కింది దాకా చూసుకుని ఇయారాతో అన్నాడు, 'చూశావా, నేను ఎంత పెరిగానో'. ఆ ముఖం నువ్వు చూడాలి. నెల రోజులు మామిడికొమ్మకి వేలాడినవాడు.

తర్వాత సంగతి నువ్వు నమ్మవు. మధ్యాహ్నం సరుకు తనిఖీకి, పళ్లు చల్లగా ఉంచే మామయ్య లారీ సీలు విప్పారు. తనిఖీ ఆయన పళ్లు చూసి కాగితాలు తేవడానికి వెళ్లాడు. మామయ్య వెనక తలుపులు కొంచెం తెరిచి పిల్లల్ని పిలిచాడు. పళ్లపెట్టెలకీ తలుపుకీ మధ్య మంచమంత జాగా. లోపలి నుంచి తెల్లటి చలి పొగలాగా కిందికి కారుతోంది. చల్లగాలి మర చుట్టూ, రేకుల మీద, వేలితో గీస్తే రాలేంత మంచు. పిల్లలిద్దరూ నీ బట్టల్లో లోపల నిలబడ్డారు. కవాన్ గోకి గోకి గుప్పెడు పోగుచేసి, బూటు కింద వేసి, రెండు చేతులూ చాపి, ఇంత, ఒక్క అడుగు, జారాడు. ఆ చీకట్లో బేరిపళ్ల వాసన. నేను కింద నిలబడి చూశాను, కుర్చీల తీగ దగ్గర నువ్వు నిలబడ్డట్టు.

పక్క లారీ డ్రైవరు 'ఎవరండీ ఆ పిల్లాడు' అని అడిగాడు. 'ఏమో, ఎవరో బరిలోచె వాళ్లు' అన్నాను.

రేపు ఇంటికి వెళ్లిపోతాం. ఎలాదియో మామయ్య తిరుగు ప్రయాణంలో ఇది తెస్తాడు. కవర్లో చిన్న దారం ఉంది, నూలుదే. నువ్వు కుట్టిన బట్ట చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి వాడి మణికట్టు దాకా కొలిచి తుంచాను. బెత్తెడు. వచ్చే ఏడు దానికి ఇంకొంచెం కలుపుకో.

నీ నీదియా


బరిలోచె
2021 జూలై 24

నా నీదియాకి, వాల్మోర్‌కి, బారెడు పెరిగిన ఇయారాకి, జానెడు పెరిగిన కవాన్‌కి,

నాలుగు రోజులుగా మంచు పడుతోంది. కొండ మీద ఊరివాళ్లు జారుతున్నారు, కిటికీలోంచి చీమల్లాగా కనిపిస్తున్నారు. సరస్సు లేదు, ఆకాశం లేదు, అంతా ఒకటే దుప్పటి. దూలాల మీది బట్టల్ని కిందికి దించాను. పేటలో పిల్లలకి ఎవరికి సరిపోయింది వాళ్లకి ఇచ్చేశాను. దారం లేకుండా, వేసి చూసి. పొద్దున్నే పాతిక మందికి పైగా చుట్టాలు మంచులో అరుస్తూ పరుగెత్తారు. ఈసారి తలలు ఉన్నాయి.

ఇంకో నీలం బట్ట ఉంచుకున్నాను. పెద్దది. కవాన్ అందులో ఎనిమిదో ఏట మునిగిపోతాడు, తొమ్మిదో ఏట సరిపోతుంది. ఎప్పుడొస్తే అప్పుడు చూసుకుందాం.

నీ ఉత్తరం అనిసేతో నాలుగుసార్లు చదివాడు, విసుక్కోకుండా. లారీలో జారిన దగ్గర రెండుసార్లు ఎక్కువ. అతని పెన్సిలుకి బదులు కొత్త పెన్సిలు తెప్పించి ఇచ్చాను. పిల్లి తిరిగొచ్చింది.

ఎలాదియో కవరు గుమ్మంలో పెట్టి పది అడుగులు వెనక్కి వెళ్లాడు. పొయ్యి మీద గిన్నె మరుగుతోంది, సబ్బు వేసి ఉంది, కర్ర చేతిలో ఉంది. కవరు విప్పాను. ఆ బెత్తెడు దారం అరచేతిలో పడింది. నది దగ్గర నువ్వు తుంచింది, వాడి మణికట్టుకి తగిలింది. నూలే. మరిగిస్తే ఏమీ కాదు, నాకు తెలుసు.

గిన్నె దించేశాను. దారాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. బేరిపండు వాసన, వెనకాల కొంచెం పిల్లాడి చెమట.

అలాగే మేకుకి వేశాను. కడగలేదు.

అమ్మమ్మ దొమితీలా